దృశ్యముల సంకేతభాష

తెలుగు చలనచిత్ర పితామహుడని ప్రసిద్ధి గాంచిన రఘుపతి వెంకయ్యనాయుడు 1869లో మచిలీపట్నమున జన్మించెను. ఆయన 1910 ప్రాంతమున మద్రాసులో క్రోనోమెగాఫోను అను యంత్రముతో చిత్రములను ప్రదర్శించెను. అందు బొమ్మ ఫిల్ముమీదను, ధ్వని గ్రామఫోను పలకమీదను వేరువేరుగ నుండెడివి. రెండును పొందికగా నడచిననే ప్రదర్శనము రక్తికట్టెడిది. అట్టి పొందిక నేటి కంప్యూటరుకును ఆవశ్యకము.

కూచిపూడి నాట్యమును కెమెరాతో చిత్రించినా రనుకొనుడు. ఒక్కొక్క బొమ్మలో అడ్డముగా 1,920, నిలువుగా 1,080 చుక్కలుండును. చుక్కకు 3 బైట్లు, సెకనుకు 25 బొమ్మలు చొప్పున ఉన్నదున్నట్లు దాచినచో, గంటసేపటి నాట్యమునకు సుమారు 560 గిగాబైట్ల చోటు కావలెను. ఒక్క గంట నాట్యమునకే అంత చోటు వెచ్చించుట పొసగదు. కావున కుదించుట తప్పదు.

నర్తకి కదలుచుండును గాని, వెనుకనున్న తెర కదలదు. ఆ తెరను ఒకమారు వ్రాసికొని, పిదప మారిన భాగములను మాత్రమే వ్రాసికొన్నచో చాలును. ఇట్లు కుదించి వ్రాయుటకును, మరల విప్పి చదువుటకును ఏర్పడిన పద్ధతికే కోడెక్ అని పేరు. 2003లో హెచ్.264, 2013లో హెచ్.265, 2018లో ఏవీ1 అను పద్ధతులు వెలువడినవి. ఒక పద్ధతిలో వ్రాసినదానిని ఆ పద్ధతి నెరిగిన యంత్రమే చదువగలదు.

గుడివాడలో చిత్రించిన నాట్యము అవనిగడ్డలోని కంప్యూటరున పాట మాత్రమే వినిపించి, బొమ్మ చూపకపోవచ్చును. బొమ్మకొక కోడెక్, ధ్వనికి వేరొక కోడెక్ ఉండుటయే కారణము. ఎం.పి.4, ఎం.కె.వి. అనునవి ఈ రెంటిని కలిపి యుంచెడి పెట్టెల పేర్లు మాత్రమే. పెట్టె పేరు మార్చినంతమాత్రమున లోపలి సంకేతము మారదు.

పెక్కు కోడెక్కుల నెరిగిన వి.ఎల్.సి. వంటి సాధనముతో చూచుట మొదటి ఉపాయము. ఎక్కువ యంత్రములెరిగిన హెచ్.264లోనికి తిరుగ వ్రాయుట రెండవది. అయితే ఇట్లు తిరుగ వ్రాసిన ప్రతిసారియు బొమ్మలోని సూక్ష్మరేఖలు కొంత నశించును. అందుచే మూలప్రతిని పారవేయరాదు.

వృద్ధులైన నాట్యాచార్యుల అభినయమును నేడు చిత్రించి దాచుచున్నారు. ఏబదియేండ్ల పిదప దానిని విప్పి చదువగల యంత్రము లేకున్న, ఆ నిధి యుండియు లేనట్లే. కావున దాచువారు లోకమెల్ల నెరిగిన పద్ధతిని గైకొని, దాని పేరును ప్రతితోపాటు వ్రాసి యుంచవలెను. కాలము మారినకొలది క్రొత్త పద్ధతిలోనికిని ఎత్తి వ్రాయవలెను. తాటాకు గ్రంథములను తరతరమునకు తిరుగ వ్రాసి కాపాడిన మన పూర్వులు అనుసరించిన మార్గమిదియే.