‘వై’ నొక్కే ముందు ఆ జాబితా చదవండి

కెనడాలో ఉంటూ కంప్యూటర్ల గురించి వీడియోలు చేసే లైనస్ సెబాస్టియన్ ఆ మధ్య లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారి చూశారు. ఆటల కోసం స్టీమ్ అనే ప్రోగ్రాం కావాల్సి వచ్చింది. ఆదేశాలు టైప్ చేసే టెర్మినల్ తెరిచి కమాండ్ ఇచ్చారు. తెర నిండా హెచ్చరిక వచ్చింది. ‘అవును, నేను చెప్పినట్టే చెయ్యి’ అనే అర్థమున్న ఇంగ్లీషు వాక్యం టైప్ చేస్తేనే పని మొదలవుతుందని దాని సారాంశం. ఆయన టైప్ చేశారు. స్టీమ్ మాట అటుంచి, ఉన్న డెస్క్‌టాపే పోయింది! నల్లటి తెర మీద అక్షరాలు మాత్రం మిగిలాయి. 2021 నవంబరులో విడుదలైన ఆ వీడియోను లక్షలాది మంది చూశారు.

అప్పట్లో ఆయన వాడిన పాప్ ఓఎస్ అనే లినక్స్ రకంలో స్టీమ్‌కు కావలసిన భాగాల వెర్షన్లు ఒకదానితో ఒకటి పొసగలేదు. డెస్క్‌టాప్‌ను తీసేస్తే తప్ప స్టీమ్‌కు చోటు లేదని ఏపీటీ అనే కమాండ్ లెక్క తేల్చింది. ఆ సంగతి తెర మీద చెప్పింది కూడా.

ఈ ఏపీటీ కథ డెబియన్‌తో మొదలైంది. ఇయాన్ మర్డాక్ 1993లో ప్రారంభించిన లినక్స్ రకమది. తొలినాళ్లలో ఒక ప్యాకేజీ, అంటే ప్రోగ్రాం మూట, ఎక్కించబోతే ‘నాకు ఫలానాది కావాలి’ అనేది. దాన్ని వెతికి తెస్తే అది ఇంకొకటి అడిగేది. ఈ తిప్పలు తప్పించడానికి పుట్టిందే ఏపీటీ. 1999లో డెబియన్ 2.1తో అందరికీ చేరింది. ఇప్పుడు ఉబుంటు, లినక్స్ మింట్ వాడేవారికీ ఇదే ఆధారం.

దీన్ని వాడే తీరు చూద్దాం. తెలుగు అక్షరాల బదులు డబ్బాలు కనబడుతున్నాయనుకోండి. ముందు ‘సుడో ఏపీటీ అప్‌డేట్’ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. ఇది ప్యాకేజీలను దాచి ఉంచే ఆన్‌లైన్ భాండాగారంలో ఏమేం ఉన్నాయో తాజా పట్టిక తెస్తుంది. తర్వాత ‘సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ ఫాంట్స్-లోహిత్-తెలు’ అంటే లోహిత్ తెలుగు ఫాంటు దిగుతుంది. ‘సుడో’ అంటే యజమాని అధికారంతో చేయడం. అందుకే పాస్‌వర్డ్ అడుగుతుంది. డెబియన్ 12 భాండాగారంలో ఇలాంటి ప్యాకేజీలు 64 వేలకు పైనే. వాటి పట్టికకు డిజిటల్ సంతకం ఉంటుంది. దారిలో ఎవరైనా ఫైలు మార్చితే ఏపీటీ పట్టేస్తుంది.

తీసేయడంలో మాత్రం కొంచెం మెలకువ కావాలి. ‘రిమూవ్’ ప్రోగ్రాంను తీసేస్తుంది కానీ, వ్యవస్థలో దాని సెట్టింగుల ఫైళ్లను ఉంచుతుంది. మళ్లీ ఎక్కించుకుంటే పాత ఏర్పాట్లు అలాగే దొరుకుతాయి. ‘పర్జ్’ ఆ ఫైళ్లనూ తుడిచేస్తుంది. మన సొంత ఫైళ్లుండే హోమ్ ఫోల్డర్ జోలికి రెండూ రావు.

ఇక ఉమ్మడి భాగాలు. ఉమ్మడి కుటుంబంలో రోలు ఒకటే ఉన్నట్టు, లైబ్రరీ అనే ఒకే ఉమ్మడి భాగాన్ని పది ప్రోగ్రాంలు వాడుకుంటాయి. ఒక ప్రోగ్రాం వెళ్లిపోయినా రోలు ఉండాల్సిందే. ఎవరికీ అక్కర్లేనివి మిగిలితే ‘ఆటోరిమూవ్’ వాటిని ఊడ్చేస్తుంది. అదే లైబ్రరీని మనం నేరుగా తీసేయబోతే, దాన్ని నమ్ముకున్న పదీ వెళ్లిపోతాయి.

అడిగిన దానితో పాటు ఇంకేవైనా రావాలన్నా, పోవాలన్నా ఏపీటీ ముందుగా జాబితా చూపి ఆగుతుంది. కొత్తగా వచ్చేవి ఒక వరుసలో, తొలగేవి మరో వరుసలో ఉంటాయి. అలవాటు కొద్దీ ‘వై’ (అవును) నొక్కేవాళ్లే ఎక్కువ. సెబాస్టియన్ ఉదంతం తర్వాత ఏపీటీని తీర్చిదిద్దేవారు నిబంధన బిగించారు. వ్యవస్థకు తప్పనిసరైన భాగాలను తీసేసే పని ఇప్పుడు అంత తేలిగ్గా ముందుకు సాగదు. అయినా మీ డెస్క్‌టాప్‌లో మీకు ఏది ముఖ్యమో కంప్యూటర్‌కు తెలియదు. అనుమానముంటే కమాండ్‌కు హైఫన్, చిన్న ఎస్ జోడించండి. ఏదీ ఎక్కించకుండా, ఏదీ తీసేయకుండా ఏం జరగబోతోందో మాత్రమే చెబుతుంది. దానికి సుడో కూడా అవసరం లేదు. తొలగేవాటి వరుసలో మీకు తెలియని పేరు ఒక్కటి కనబడినా ‘ఎన్’ నొక్కి, అదేమిటో తెలుసుకున్నాకే మళ్లీ మొదలుపెట్టండి.