పుల్లూరు గేటు, పటేలు చిట్టా

కర్నూలు విడిచి తుంగభద్ర వంతెన దాటి ఉత్తరముగా హైదరాబాదు దిక్కునకు సాగు బాటసారికి నలభై నాలుగవ జాతీయ రహదారి మీద, గద్వాల జిల్లా మొదలగు చోట, పుల్లూరు టోల్‌గేటు కనబడును. వచ్చిన బండి వద్ద సుంకము పుచ్చుకొని కొయ్య పైకెత్తి వదలుటయే దాని నిత్యకృత్యము. 2021 మే నెల రెండవ వారములో మాత్రము అచ్చట నిలిచిపోయినవి సుంకముతో నిమిత్తము లేని బండ్లు: లోపల రోగి ఎగశ్వాసతో పరుండియుండగా, సిలిండరులో ప్రాణవాయువు నిమిష నిమిషమునకు తరుగుచుండగా, రాజధాని ఆసుపత్రుల కొరకు బయలుదేరిన అంబులెన్సులు. ఆసుపత్రిలో పడక ముందే ఖాయమైనట్లు రుజువు చూపనిదే అవతలి రాష్ట్రపు రోగిని లోనికి రానీయరాదని తెలంగాణ ప్రభుత్వము ఉత్తరువు చేసినది. మే 14న రాష్ట్ర హైకోర్టు ఆ ఉత్తరువును నిలిపివేసినది.

అందలి న్యాయాన్యాయములు న్యాయమూర్తులు తేల్చిరి గనుక మనకు వానితో పని లేదు. ఆ గేటు వెనుక నిలిచియున్న శాస్త్రీయమైన ప్రశ్న ఒకటి కలదు. దానితోనే మన పని. క్రొత్తగా ఏర్పడిన రాష్ట్రము గాని, క్రొత్తగా పీఠమెక్కిన మంత్రివర్గము గాని, నిన్నమొన్న గీత గీసి విడదీసిన జిల్లా గాని, తన కార్యాలయములకు బల్లలు కుర్చీలు సమకూర్చుకొనుచున్న వేళ మహమ్మారి వచ్చి వాకిట నిలిచినయెడల, మొదట చేయి వేయవలసిన పని ఏది? గేటు వేయుటయా, ఆసుపత్రి కట్టుటయా, టీకా తెప్పించుటయా? ఇవన్నియు కావలసినవే. కాని వీనికన్నింటికి ముందు జరుగవలసిన పని ఒకటి కలదని, అది మిక్కిలి చప్పనిది గనుకనే ప్రతి ప్రభుత్వమును దానిని వెనుకకు నెట్టుచున్నదని నా నమ్మకము. ఆ పని లెక్క.

గేటు సంగతి ముందు చూతము. కరోనా వైరస్ సోకినవాడు తనకు జ్వరము తగులుటకు సుమారు రెండు దినములు ముందుగానే ఊపిరితో, మాటతో దానిని పరులకు పంచనారంభించును. లక్షణములు పొడసూపు నాటికి ఆ పంచుట పరాకాష్ఠనందుకొని, వారము తిరుగునప్పటికి చాలవరకు సన్నగిల్లును. ఊపిరితిత్తులు దెబ్బతిని ఆయాసము ముదురునది తరచుగా ఆ రెండవ వారములోనే. అనగా గేటు వద్ద పట్టుబడు అంబులెన్సులోని రోగి అంటించు దశను చాలవరకు దాటినవాడు. నుదుట ఉష్ణమాపకము పెట్టించుకొని, ఏ దోషమును లేదనిపించుకొని, లారీ తోలుకొనుచు దర్జాగా దాటిపోయినవాడే ఆనాడు వ్యాధిని పంచుచున్నవాడు. పైగా అలంపురము, గద్వాల ప్రాంతముల వారు చిరకాలముగా వైద్యమునకు పోవునది నది అవతలి కర్నూలునకే. ఒక వైపు మాత్రమే మూసియుండు తలుపును వైరస్ ఎన్నడును గుర్తించినది కాదు.

ఇక కాలము సంగతి. మూడు దినములకొకమారు రెట్టింపగు వ్యాధి ఒక్క రోగితో మొదలై ముప్పది దినములలో పదిమార్లు రెట్టింపై 1,024 మందికి చేరును. పది దినములు ఆలస్యముగా మేల్కొన్న ప్రభుత్వమునకు ఎదురగువారు పది మంది అధికముగా కాదు, పదింతలు. రోగము ఏ వాడలో ఉన్నదో పది దినములు ముందుగా చెప్పగల యంత్రాంగమునకు గల విలువ అంతటిది. దానికి కావలసినది మాత్రము ఒక చిట్టా, దానిని నిజముగా వ్రాయు ఒక చేయి.

ఆ చేయి లేనప్పుడు ఏమి జరుగునో పాలమూరు (మహబూబ్‌నగర్) గడ్డకు తెలిసినంతగా ఇతరులకు తెలియదు. 1918లో ఇన్‌ఫ్లుయెంజా దేశమును ఊడ్చివేసిన కాలమునకు గద్వాల, వనపర్తి, కొల్లాపురము నిజాము ఏలుబడి క్రింది సంస్థానములు. గ్రామములో చావుపుట్టుకలు చెప్పవలసినవాడు పోలీసు పటేలు. తనకే జ్వరము తగిలి మంచము పట్టిన పటేలు ఎవరి చావును వ్రాయును? చచ్చినవారి సంఖ్యను మూడేండ్ల తరువాత జనాభా లెక్కలు బయటపెట్టినవి. 1911లో 1 కోటి 33 లక్షలకు పైబడియున్న హైదరాబాదు రాజ్యపు జనసంఖ్య 1921 నాటికి 1 కోటి 24 లక్షలకు దిగినది. పదేండ్లలో పెరుగవలసిన జనము నూటికి సుమారు ఏడుగురు చొప్పున తరిగిపోయినది. ఇందులో జ్వరము వంతు ఎంత, ప్లేగు వంతు ఎంత, వానలు తప్పిన 1918 నాటి కరవు వంతు ఎంత అని విడదీయబోయిన చరిత్రకారుడు చీకటిలో తడుముకొనవలసినదే.

1957 సంగతి మన ప్రశ్నకు మరింత సమీపమైనది, ఏలయనగా అది సరిగా క్రొత్త ప్రభుత్వపు కథ. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించి, నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రియై, ఒక వైపు మద్రాసు సంప్రదాయపు కరణము మునసబులను, మరియొక వైపు హైదరాబాదు సంప్రదాయపు పటేలు పట్వారీలను ఒకే కొలువులోనికి తెచ్చుకొనుచున్న ఆరు మాసములకే, మే నెలలో, సింగపూరు నుండి మద్రాసు రేవునకు వచ్చిన ఓడతో క్రొత్త ఇన్‌ఫ్లుయెంజా దేశములో అడుగుపెట్టినది. ఆసియా ఫ్లూ అని దానికి పేరు. కొలది వారములలోనే అది దేశమంతట వ్యాపించినది. మరుసటి ఫిబ్రవరి వరకు దేశమంతట నమోదైన రోగులు 44 లక్షలకు పైన, మృతులు సుమారు 1,100. నాటి జనసంఖ్య దాదాపు 40 కోట్లు. నలుగురైదుగురిలో ఒకరిని మంచము పట్టించగల వ్యాధి మన దేశములో తొంబది మందిలో ఒకరినే తాకి ఊరకుండినదని నమ్మువారు నమ్మవచ్చును. నా మట్టుకు నేను ఆ అంకెలలో చిట్టాకెక్కని పల్లెలను చూచుచున్నాను.

ఈ మాటనే తిరుగవేసి 2020ని చూడవచ్చును. మహబూబ్‌నగర్ నుండి విడివడి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు 2016 అక్టోబరు 11న పుట్టినవి; మహమ్మారి వచ్చునప్పటికి వాని వయస్సు మూడున్నర ఏండ్లు. ఏప్రిల్ నెలలో గద్వాలలో రోగులు పెరుగగా రాష్ట్ర ప్రధాన కార్యదర్శియు పోలీసు ముఖ్యాధికారియు స్వయముగా వచ్చి చూచి పోయిరి. కృష్ణకు ఆవలి గట్టుననున్న వనపర్తియో, ఆ తొలి మాసములలో ఒక్క రోగియు లేని రెండు మూడు జిల్లాలలో ఒకటిగా ప్రకటనలకెక్కినది. ఆ సున్న సంతోషింపదగినదే కావచ్చును. అయితే సున్నకు రెండర్థములు కలవు: వెదకి చూడగా లేకుండుట ఒకటి, వెదకకుండుట మరియొకటి. రాష్ట్రములో పరీక్షలు చాలవని ఆ వేసవిలో హైకోర్టు పదే పదే మందలించుచుండిన సంగతి తెలిసినవాడు ఆ సున్నను చూచి వెంటనే చప్పట్లు కొట్టలేడు. పరీక్షల సంఖ్యను ప్రక్కన వ్రాయని రోగుల సంఖ్య సగము అంకె మాత్రమే.

మరి లెక్క ఎట్లు తీయవలయును? ఇందుకు రెండు దారులు కలవు. మొదటిది బ్రదికియున్నవారి లెక్క. రెండవ అల ఉధృతముగా నున్న 2021 మేలో తెలంగాణలో ఆరంభమై, 2022 జనవరిలో మరల జరిగిన ఇంటింటి జ్వర సర్వే ఇట్టిది. ఆశ కార్యకర్త, ఏఎన్‌ఎం, అంగన్‌వాడీ టీచరు గడప గడపకు పోయి జ్వరమున్నదా, దగ్గున్నదా అని అడిగి, ఉన్నవారికి పరీక్షాఫలము కొరకు వేచియుండక మందుల పొట్లమిచ్చి వచ్చిరి. ప్రయోగశాల లేని చోట లక్షణమే సాక్షి. అది తప్పుసాక్ష్యము కొంత చెప్పినను, ఏ వీధిలో మంట రేగుచున్నదో చెప్పుటకు చాలును. నా అభిప్రాయములో మూడేండ్ల మహమ్మారిలో మన వైపు జరిగిన పనులలో ఇది అన్నిటికన్న తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలమిచ్చినది, అన్నిటికన్న తక్కువగా శ్లాఘింపబడినది. ఆ ఆశ కార్యకర్త వ్రేలికి తగిలించు చిన్న పల్స్ ఆక్సీమీటరు కూడ కొలమానమే. రక్తములోని ప్రాణవాయువు నూటికి 94కు దిగువకు జారినను కొందరు రోగులకు ఆయాసము తోపదు. హాయిగా మాటలాడుచునే ప్రమాదములోనికి జారుదురు. ఆ జారుటను కన్ను పట్టలేదు, అంకె పట్టగలదు.

రెండవది మృతుల లెక్క. కరోనాతో ఎవరు చనిపోయిరని అడిగినచో పరీక్ష జరిగినవారి సంగతియే తెలియును. శాస్త్రజ్ఞులు అందుచేత మరియొక విధముగా అడుగుదురు: ఈ తాలూకాలో ఏటేట ఈ మాసములో ఎందరు చనిపోవుచుండిరి, ఈ ఏడు ఎందరు చనిపోయిరి? ఆ వ్యత్యాసమే అదనపు మరణములు. 2020, 2021 సంవత్సరములకు భారతదేశములో ఇట్టివి సుమారు 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా వేసినది. ప్రభుత్వపు లెక్క ఐదు లక్షలకు లోపు. కేంద్ర ప్రభుత్వము ఆ అంచనాను ఒప్పుకొనలేదు. తగవు తీరకపోవుటకు కారణము స్పష్టము: 1969 నాటి జననమరణ నమోదు చట్టము 21 దినముల గడువు విధించినను అన్ని చావులును దస్త్రమున కెక్కవు, ఎక్కిన వానిలోనైనను వైద్యుడు కారణము ధ్రువపరచినవి ఐదవ వంతునకు అటునిటుగా మాత్రమే.

పాలమూరు వలసకూలి విషయములో ఈ చిక్కు రెండింతలగును. చట్టము ప్రకారము మరణము నమోదగునది అది సంభవించిన చోట. మేస్త్రీ వెంట ముంబయి పోయి పనిచోటనే కన్నుమూసినవాడు ఆ మహానగరపు లెక్కలో ఒక అంకె యగును గాని వాని ఊరి పంచాయతీ దస్త్రములో జాడ మిగులదు; అతని ఊరు ఆరోగ్యముగా ఉన్నట్లే కాగితము పలుకును.

2022 నవంబరులో వనపర్తికిని నాగర్‌కర్నూల్‌కును, 2024లో గద్వాలకును ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చుట చిన్న మేలు కాదు. కాని ఎంబీబీఎస్ విద్యార్థి వైద్యుడై వెలువడుటకు ఐదున్నర ఏండ్లు పట్టును, మహమ్మారి అల లేచి విరుగుటకు రెండు మూడు మాసములు చాలును. ఆక్సిజన్ ఉత్పత్తి యంత్రములకును ఇట్టి మెలికయే కలదు. వానిలో జియోలైట్ రేణువులు గాలిలోని నత్రజనిని పట్టియుంచి నూటికి 93 పాళ్ల ప్రాణవాయువును విడుచును. రేణువులు తడిసినను, కంప్రెసరు మరమ్మతు లేక మూలబడినను అది ఉత్త ఇనుము. ఏ యంత్రము ఏనాడు నడిచినదో వ్రాసియుంచు చిట్టా ఉన్నచో ఆపద రాకముందే ఆ సంగతి తెలియును.

మొదట అడిగిన క్రొత్త మంత్రివర్గపు ప్రశ్న మరియొకమారు ఎదురైనది. నాగర్‌కర్నూల్ జిల్లాలోనే, వంగూరు మండలపు కొండారెడ్డిపల్లిలో పుట్టిన రేవంత్‌రెడ్డి 2023 డిసెంబరు 7న ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసిన రెండు వారములలోపుననే జేఎన్.1 అను క్రొత్త కరోనా ఉపరకమును గమనింపదగినదిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. టీకాల చేతను, పూర్వపు సోకుడు చేతను జనములో రోగనిరోధకశక్తి కొంత నిలిచియుండుటచే ఆ మారు గండము గడిచినది.

ఆ టీకాకును ముందు కావలసినది లెక్కయే. నాగర్‌కర్నూల్ జిల్లాలోనే నల్లమల లోపల, లింగాల మండలములో, అప్పాపురం మొదలగు పెంటలు, అనగా చెంచుల అడవి ఆవాసములు, ఉన్నవి. టీకా సీసాను అచ్చటికి చేర్చువరకు 2 డిగ్రీలకును 8 డిగ్రీలకును నడుమ చల్లగా నుంచవలయును. కోవిషీల్డ్ సీసా ఒక్కింటిలో పదిమందికి సరిపడు మోతాదు. మూత విప్పిన నాలుగు గంటలలో అది ముగియవలసినదే. పెంటలో పదిమంది ఉన్నారని తలచి ఒక్క సీసాతో బయలుదేరిన ఏఎన్‌ఎం పదముగ్గురిని చూచినచో ముగ్గురిని వట్టి చేతులతో విడిచి రావలయును. ఆరుగురే ఉన్నయెడల మిగిలిన నాలుగింటికి అడవిలో వేరొకరు దొరకరు. కావున ఐస్ పెట్టె సర్దుకొనుటకు ముందు రోజుననే ఆమెకు తెలియవలసినది ఒకటి ఉన్నది: తేనెకు పోయినవారిని విడిచి, ఈ వారము పెంటలో ఉన్నవారు ఎందరు?