‘టాలెంట్’ పదం: అర్థపరిణామం

సహజ నైపుణ్యాన్ని తెలిపే ఆంగ్ల పదం ‘టాలెంట్’ తొలుత మానవగుణాన్ని సూచించలేదు. దీని మూలమైన గ్రీకు ‘తలాంతొన్’ పదానికి త్రాసు, తూకం అని అర్థాలు. ‘ఎత్తు, మోయు’ అనే అర్థం గల ఇండో-యూరోపియన్ ధాతువు నుండి ఇది ఏర్పడింది. సంస్కృత ‘తులా’ శబ్దానికీ అదే మూలం. కనుక తెలుగులో వాడే తులం, తులాభారం దీనికి జ్ఞాతిపదాలు.

ఏథెన్స్‌లో ఒక తలాంతొన్ సుమారు 26 కిలోగ్రాములు. ఆ తూకపు వెండి 6,000 ద్రాక్మాలకు సమానం. ఈ పదం లాటిన్ ద్వారా పాశ్చాత్య భాషలలో ప్రవేశించి, ప్రాచీన ఫ్రెంచిలో కోరిక, మొగ్గు అనే అర్థాలను పొందింది. నైపుణ్యార్థానికి ఆధారం మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని ఉపమానం. యజమాని ముగ్గురు దాసులకు వారి వారి సామర్థ్యాన్ని బట్టి ఐదు, రెండు, ఒకటి చొప్పున తలాంతులు అప్పగిస్తాడు. మొదటి ఇద్దరూ వాటిని రెట్టింపు చేస్తారు. మూడవవాడు భూమిలో పాతిపెట్టి దండనకు గురవుతాడు. కథలో సామర్థ్యం వేరు, తలాంతు వేరు. ఆ ధనాన్ని దైవదత్తమైన శక్తిగా వ్యాఖ్యానించడంతో 15వ శతాబ్దిలో ఆంగ్లంలో నేటి అర్థం రూపుదిద్దుకొంది.

తెలుగు బైబిలు ‘తలాంతు’ రూపాన్నే నిలుపుకొంది. క్రైస్తవ వ్యవహారంలో పాడే నేర్పు కూడా ‘తలాంతు’. సాధారణ అనువాదాలలో మాత్రం ‘టాలెంట్’కు ‘ప్రతిభ’ సమానార్థకంగా స్థిరపడింది. ‘ప్రతిభ’లోని ‘భా’ ధాతువుకు ప్రకాశించడం అని అర్థం. అది స్ఫురించే వెలుగు. తలాంతు లెక్క చెప్పవలసిన అప్పగింత. దండి ‘కావ్యాదర్శం’లో నైసర్గిక ప్రతిభతో పాటు శాస్త్రజ్ఞానాన్నీ అభ్యాసాన్నీ కావ్యహేతువులుగా చెప్పాడు. ఆ శ్రమ ‘ప్రతిభ’ శబ్దానికి వెలుపల ఉంది. తలాంతు ఉపమానంలో అదే కేంద్రం. నిఘంటువులు సమానమన్న ఈ రెండు పదాల మధ్య ఈ అంతరాన్ని అనువాదకుడు గుర్తించవలసి ఉంది.