హాలిఫాక్స్ కోటకీ మన మద్రాసుకీ ఏమిటి సంబంధం?

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే హాలిఫాక్స్‌లో మనవాళ్లు తప్పకుండా చూపించేవి రెండు: పెగ్గీస్ కోవ్, సిటడెల్ కోట. కోటలో పాతకాలపు సైనిక దుస్తుల్లో ఉన్న గైడు చరిత్ర చెబుతాడు, మధ్యాహ్నం 12 గంటలకు ఫిరంగి పేలుతుంది, ఫొటోలు దిగుతాం. పెద్దవాళ్లు మాత్రం "బాగుంది కానీ, ఇదంతా వీళ్ల చరిత్ర కదా" అంటూ ఓ పక్కన కూర్చుంటారు. నిజానికి ఈ ఊరు పుట్టిన కథలో మన చెన్నపట్నం కూడా ఉంది.

నోవాస్కోషియాలోని కేప్ బ్రెటన్ దీవిలో ఫ్రెంచివాళ్లకు లూయిస్‌బర్గ్ అనే పెద్ద కోట ఉండేది. 1745లో దాన్ని ఇంగ్లీషు పక్షం పట్టుకుంది. మరుసటి ఏడాది ఫ్రెంచివాళ్లు మద్రాసును పట్టుకున్నారు. 1748 సంధిలో మద్రాసు ఇంగ్లీషువాళ్లకు, లూయిస్‌బర్గ్ ఫ్రెంచివాళ్లకు తిరిగి వెళ్లాయి. ఆ కోట మళ్లీ శత్రువు చేతికి పోవడంతో, దానికి దీటుగా 1749లో ఎడ్వర్డ్ కార్న్‌వాలిస్ సుమారు 2,500 మందితో వచ్చి హాలిఫాక్స్‌ను స్థాపించాడు. మన పాఠ్యపుస్తకాల్లోని గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్‌కు ఈయన బాబాయి.

తర్వాతి యుద్ధంలోనూ ఇదే జోడీ. 1758 జులైలో లూయిస్‌బర్గ్ మళ్లీ ఇంగ్లీషువాళ్ల వశమైంది. అదే ఏడాది డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తి యుద్ధంలో ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు. 1759 ఏప్రిల్‌లో బందరు కోట కూడా పోయింది. అక్కడ కెనడా, ఇక్కడ కోస్తాంధ్ర ఒకే పోరులో చేతులు మారాయి.

అయితే కోటల కథ వింటే సరిపోదు. ఈ రేవు అంతకుముందు నుంచీ మిక్‌మా ప్రజలది. 1749లోనే కార్న్‌వాలిస్ వాళ్ల తలలకు వెల కట్టాడు. ఊళ్లో ఉన్న ఆయన విగ్రహాన్ని 2018లో తొలగించారు. 1755 నుంచి అకేడియన్లనే ఫ్రెంచి రైతు కుటుంబాలను వేల సంఖ్యలో ఓడలెక్కించి వెళ్లగొట్టారు. పొలాలు, ఇళ్లు పోగొట్టుకున్న ఆ కుటుంబాల గుర్తుగా నిలిచిన గ్రాన్ ప్రే 2012లో యునెస్కో జాబితాలో చేరింది.

చూడాలనుకునేవారికి కొన్ని సూచనలు. సిటడెల్‌కు ఓ పూట చాలు. ఇప్పుడు కనిపించేది ఆ కొండపై కట్టిన నాలుగో కోట, 1856లో పూర్తయింది. గ్రాన్ ప్రే కారులో గంట ప్రయాణం, ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. లూయిస్‌బర్గ్ మాత్రం దాదాపు 5 గంటల దారి. వెళ్లిన రోజే తిరిగి రావాలనుకుంటే పెద్దవాళ్లు అలసిపోతారు, సిడ్నీలో ఓ రాత్రి ఉండండి. ఇంగ్లీషువాళ్లు 1760లో కూల్చేసిన ఆ కోట పట్టణంలో సుమారు నాలుగో వంతును 1961 నుంచి తిరిగి కట్టారు. మిగతాది నేటికీ గడ్డి కింద శిథిలాలే. వేషధారులు ఎక్కువగా కనిపించేది వేసవిలో. జులైలో కూడా చలిగాలి, పొగమంచు ఉంటాయి కాబట్టి స్వెట్టర్లు మరవద్దు. శాకాహారులుంటే పులిహోర డబ్బా వెంట ఉంచుకోండి.

బయల్దేరే ముందు రాత్రి మద్రాసు, బందరు సంగతి పిల్లలకు తెలుగులో చెప్పండి. మర్నాడు గైడును "మద్రాసు ఇచ్చి ఈ కోట తీసుకున్నారట కదా?" అని వాళ్లనే అడగమనండి. అప్పుడు తాతయ్య కూడా పక్కన కూర్చోరు, ముందుకొచ్చి వింటారు.