కొల్లేటిలో వాలుగకు చోటేది?

కొల్లేరు చుట్టుపక్కల చేపల లారీ ఏది చూసినా బొచ్చె, శీలావతే ఎక్కువ. అవి చెరువుల్లో మేపి పెంచినవి. సరస్సులో తనంతట తాను పుట్టి పెరిగే వాలుగ సంగతి వేరు. ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో అది ముప్పు పొంచి ఉన్న జాతి.

వాలుగ ఒంటిమీద పొలుసుండదు. నోటి చీలిక కన్ను దాటి వెనక్కి పోతుంది. పైన రెండు పొడుగాటి మీసాలు, కింద రెండు పొట్టివి. చిన్న చేపలే దాని తిండి. అందుకే చెరువు రైతుకు అది పగ. చేపపిల్లను వదిలేముందు ఇప్పపిండో బ్లీచింగో చల్లి, నీళ్లలో మిగిలిన చేపల్ని చంపేస్తారు. వాటిలో వాలుగదే ముందు వరస. అప్పు తెచ్చి పిల్లను పోసినవాడు ఇంకేం చేస్తాడు?

అసలు దెబ్బ గట్లది. వానాకాలం ఏర్లు పొంగగానే వాలుగ లోతు విడిచి, కొత్తగా మునిగిన పల్లాల్లోకి, గడ్డి మధ్యకి వచ్చి గుడ్లు పెడుతుంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వరదలకు ఉబ్బి, ఉప్పుటేరు గుండా సముద్రానికి తీసి, వేసవికి కుంచించుకుపోయే కొల్లేటికి అలాంటి పల్లాలకు కొదవుండేది కాదు. చుట్టూ చెరువు గట్లు లేచాక వరద వస్తుంది గానీ పరుచుకోదు. గట్ల మధ్య కాలువ ఎంత లోతున్నా, గుడ్లకు కావలసిన పలచటి నీరు అక్కడ దొరకదు. కొల్లేటిలో నీళ్లున్నాయి కదా అనే వాదన అందుకే నాకు మింగుడుపడదు.

1999లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యమైంది. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట గట్లు కొట్టేశారు. చాలాచోట్ల మళ్లీ లేచాయి. ఈ హడావిడిలో ఎక్కువగా వినబడింది పక్షుల పేరే. గూడబాతుకున్న పలుకుబడి వాలుగకు లేదు మరి.

గుర్రపుడెక్క, పట్టణాల మురుగు, వేసవిలో ఉప్పుటేరు మీదుగా ఎగదన్నే ఉప్పునీరు సరేసరి. నిషేధం ఉన్నా దొంగచాటుగా పెంచే ఆఫ్రికా క్యాట్‌ఫిష్ వరదకు చెరువు దాటితే, అది వాలుగ తిండికే పోటీ.

హేచరీలో పుట్టించి వదలొచ్చుగా అంటారు. హార్మోను ఇంజక్షన్‌తో గుడ్లు పెట్టించవచ్చు. చిక్కు ఆ తర్వాతే: గుడ్డు పగిలిన కొద్దిరోజులకే పిల్లలు ఒకదాన్నొకటి మింగడం మొదలెడతాయి. మిగిలినవాటిని సాకి, తెచ్చి వదిలినా, అవి పెద్దయ్యాక గుడ్లు పెట్టాల్సిన పల్లం గట్టు అవతలే ఉంది.