వెబ్‌సైటు కట్టించి చూడు!

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈ కాలంలో ఉండి ఉంటే, వెబ్‌సైటు కట్టించి చూడు అని మూడో ముక్క కూడా కలిపేవారు. ఎందుకంటే మూడింటికీ తంతు ఒకటే. అనుకున్న ఖర్చు ఒకటి, అయ్యే ఖర్చు ఇంకొకటి. చేతులు పెట్టేవాళ్లు పదిమంది, చివరికి జవాబు చెప్పుకునేది మనం ఒక్కరం.

ఊరగాయలు పెట్టి అమ్మే పిన్నిగారు, ఇంట్లో సంగీతం పాఠాలు చెప్పే టీచరుగారు, మగ్గం వర్కు చేసే అమ్మాయి... ఇవాళ చాలామందికి సొంత వెబ్‌సైటు మీద మనసు పడుతోంది. పెద్ద కంపెనీకి వెళ్తే వాళ్లు చెప్పే రేటుకి గుండె గుభేలుమంటుంది. అందుకని ఇంటి దగ్గర నుంచే సొంతంగా పనిచేసే ఫ్రీలాన్స్ డిజైనర్లను వెతుక్కుంటున్నాం. మంచిదే. వాళ్లలో గొప్ప పనిమంతులున్నారు. ఉద్యోగం మానేసి, పసిపిల్లల్ని చూసుకుంటూ ఈ పని చేస్తున్న ఆడపిల్లలూ ఉన్నారు. అయితే ఒక్క జాకెట్టు కుట్టించుకోవడానికి నాలుగు టైలరు షాపులు తిరిగే మనం, వేలు పోసి చేయించుకునే ఈ పనిని 'తెలిసినబ్బాయేలే' అని కళ్లు మూసుకుని అప్పజెప్పేస్తే ఎలా చెప్పండి?

అసలు అవసరమేనా?

ముందు ఈ ప్రశ్న వేసుకోవాలి. నెలకు పదో పదిహేనో ఆర్డర్లు, అవీ తెలిసినవాళ్ల నుంచే వస్తుంటే, వాట్సాప్ బిజినెస్‌లో ఉన్న కేటలాగే చాలు. రాసుకున్నవి నలుగురికీ చూపించుకోవడానికైతే బ్లాగర్, వర్డ్‌ప్రెస్ లాంటివి ఉచితంగానే చోటిస్తున్నాయి. వర్డ్‌ప్రెస్ 2003లో మొదలైంది. డిజైనర్లు చాలామంది ఇప్పటికీ దాని మీదే సైట్లు కడుతున్నారు. అందులో రెడీమేడ్ నమూనాలు బోలెడు. బజారులో దొరికే రెడీమేడ్ డ్రెస్సు సరిపోతున్నప్పుడు గుడ్డ కొని కుట్టించుకోవడం దేనికి?

మన కొలతలకు ఏదీ సరిపోనప్పుడే కుట్టించుకోవాలి. చీర రంగునుబట్టి, అంచునుబట్టి కొనేవాళ్లు వెతుక్కోవాలి, డబ్బు అక్కడే కట్టాలి, ఆర్డరు ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవాలి. ఇలాంటి లెక్కలుంటే అప్పుడు డిజైనరు కావాలి.

పట్టా ఎవరి పేరున?

మా పెద్ద తోడికోడలిది మంగళగిరి. నిజాం అంచు చీరలు నేతగాళ్ల దగ్గర తీసుకుని అమ్ముతుంది. మొదట్లో చుట్టాలకీ పక్కాలకీ అమ్మేది. తర్వాత అమెరికాలో ఉన్న పిల్లలు కూడా అడగడం మొదలుపెట్టారు. తెలిసినవాళ్ల అబ్బాయి ఒకడు సైటు చేసి పెడతానన్నాడు. చేశాడు కూడా, ముచ్చటగానే ఉంది. అక్కయ్య ఆ పేరు అచ్చువేయించి ఐదువందల కవర్లు తెప్పించుకుంది.

ఏడాది తిరిగేసరికి ఆ అబ్బాయికి వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. ఫోన్ నంబరు మారింది. ఒకరోజు పొద్దున సైటు తెరుచుకోలేదు. తీరా చూస్తే, ఆ పేరు రిజిస్టరు చేయించింది అబ్బాయి పేరున, అబ్బాయి ఈమెయిల్‌తో. గడువు అయిపోతోందన్న హెచ్చరికలన్నీ అతనికే వెళ్లాయి. అతను చూడలేదు. నెలలు గడిచాక ఆ పేరు ఇంకెవరో కొనేసుకున్నారు. "నా కొట్టుకి నేనే పరాయిదాన్ని అయిపోయానే" అంది అక్కయ్య. ఆ మాటకి నాకు జవాబు దొరకలేదు. మొగుడి సంపాదన మీద ఆధారపడకుండా, తన చేత్తో తాను నిలబెట్టుకున్న పేరు అది.

అందుకే ఈ తేడా గుర్తుపెట్టుకోండి. డొమైన్ అంటే మన సైటు పేరు. అది పట్టా లాంటిది. హోస్టింగ్ అంటే సైటు ఉండే చోటు. అది అద్దె స్థలం. డిజైను ఆ స్థలంలో కట్టే ఇల్లు. ఇల్లు మేస్త్రి కడతాడు, నిజమే. అంతమాత్రాన పట్టా మేస్త్రి పేరున రాయిస్తామా?

డొమైన్ కొనడం బ్రహ్మవిద్యేం కాదు. డాట్ కామ్, డాట్ ఇన్ పేర్లకు సాధారణంగా ఏడాదికి వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా అవుతుంది. డాట్ ఇన్ పేర్ల బాధ్యత మన దేశంలోని నిక్సి అనే సంస్థది. తెలుగు లిపిలో డాట్ భారత్ పేర్లు కూడా ఉన్నాయి. ఒకేసారి పదేళ్లదాకా కట్టుకోవచ్చు. మీ పేరు, మీ ఈమెయిల్, మీ ఫోన్ నంబరు ఇచ్చి మీరే కొనండి. డిజైనరు పక్కన కూర్చుని సాయం చేయవచ్చు, తప్పులేదు. డాట్ కామ్ లాంటి పేర్లకు గడువు దాటితే కొన్నాళ్లు వెసులుబాటు ఉంటుంది. ఆ తర్వాత ఇంకో 30 రోజులు ఎక్కువ రుసుము కట్టి విడిపించుకోవచ్చు. అదీ దాటితే అంతే సంగతులు, ఎవరికి దొరికితే వాళ్లది.

మనిషిని ఎంచుకోవడం

రెండోసారి అక్కయ్యతో పాటు నేనూ కూర్చున్నాను. ముగ్గురు డిజైనర్లతో మాట్లాడాం. ముగ్గురూ తాము చేసిన సైట్లు చూపించారు. వాటిని కంప్యూటరులో కాకుండా మా ఫోన్లలో తెరిచి చూశాం. కొనేవాళ్లు ఎక్కువమంది ఫోనులోనే కదా చూసేది! బొమ్మలు రావడానికి ఎంతసేపు పడుతోంది, అక్షరాలు కనబడుతున్నాయా, కొను అనే బటను వేలికి అందుతోందా అని పరీక్ష పెట్టాం. "ఇందులో మీరు చేసిందెంత?" అని కూడా అడిగాం. కొందరు బొమ్మలు, రంగులు మాత్రమే చూస్తారు. కోడ్ రాసేది వేరేవాళ్లు. రెండూ ఒకరే చేయాలని లేదు గానీ, ఎవరెవరు చేస్తారో మనకు తెలియాలి. వాళ్లకు ఇంతకుముందు పని ఇచ్చినవాళ్లకు ఫోన్ చేసి ఒక్కటే ప్రశ్న అడిగాం: "పని అయిపోయాక ఫోన్ ఎత్తారా?"

చివరికి గుంటూరు అమ్మాయిని ఎంచుకున్నాం. ఒళ్లో పిల్లాణ్ణి పెట్టుకునే మాట్లాడింది. "మేడమ్, చీర సంగతి మీకు తెలుసు. సైటు సంగతి నేను చూసుకుంటా. మీ దగ్గర ఎవరు కొంటారు, ఏం అడుగుతారు, అది ముందు చెప్పండి" అంది. తక్కిన ఇద్దరూ రేటుతో మొదలుపెట్టారు. ఈ అమ్మాయి కొనేవాళ్లతో మొదలుపెట్టింది.

కాగితం మీద పెట్టండి

"తెలిసినవాళ్ల దగ్గర కాగితాలేమిటి, బాగుండదు" అంటారు బావగారు. నిజానికి తెలిసినవాళ్లయితేనే కాగితం మరీ అవసరం. డబ్బుతోపాటు స్నేహం కూడా పోకుండా ఉంటుంది కదా. మేం రాసుకున్నది రెండు పేజీలే. ఎన్ని పేజీల సైటు, అందులో ఏమేముంటాయి. ఫోటోలు, వివరాలు ఎవరివ్వాలి, ఎప్పటిలోగా ఇవ్వాలి. నమూనా చూపించాక ఎన్నిసార్లు మార్పులు చేయాలి. పని ఎప్పటికి పూర్తికావాలి. డబ్బు మూడు విడతలుగా: మొదట కొంత, నమూనా నచ్చాక కొంత, అన్నీ అప్పజెప్పాక మిగిలింది. అడ్వాన్సు పేరుతో మొత్తం ముందే ఇచ్చేయకండి. అలాగని ఒక్క రూపాయి కూడా ఇవ్వకుండా పని మొదలుపెట్టమనడమూ న్యాయం కాదు.

ఇక్కడ మన వైపు సంగతీ చెప్పుకోవాలి. కూరగాయల బేరంలో కొసరు అడిగినట్టు, 'ఎలాగూ చేస్తున్నావుగా, ఈ చిన్నదీ చేసిపెట్టమ్మా' అంటుంటాం. మనకు చిన్నదే. ఆ పిల్లకు రాత్రి పిల్లాణ్ణి పడుకోబెట్టాక మూడు గంటల పని. జాకెట్టు కత్తిరించాక మెడ డిజైను మార్చమంటే టైలరు ఊరుకుంటాడా? ఒప్పుకున్నదానికి మించి అడిగితే దానికి వేరే డబ్బు అని కాగితంలో రాసుకున్నాం. ఆ ఒక్క వాక్యం వల్లే మాకు మాట పట్టింపులు రాలేదు. ఇంటిపని చేసే ఆడదాని శ్రమకు విలువ కట్టరని వాపోయే మనమే, ఇంట్లో కూర్చుని పనిచేసే ఇంకో ఆడపిల్ల శ్రమకు విలువ కట్టకపోతే ఎలా?

డబ్బిచ్చినా హక్కు రాదు

కథలు రాసేదాన్ని కనుక ఈ సంగతి నాకు కాస్త ముందే తెలుసు. 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, సృష్టించినవారే మొదటి హక్కుదారు. జీతానికి పనిచేసే ఉద్యోగి తన పనిలో భాగంగా చేస్తే ఆ హక్కు మామూలుగా యజమానికి వస్తుంది. ఫ్రీలాన్సరు మన ఉద్యోగి కాదు. కాబట్టి డబ్బు కట్టినా సరే, రాసుకోకపోతే ఆ కోడ్ మీద, ఆ డిజైను మీద కాపీరైటు చేసినవారిదే. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోలకు మాత్రం మినహాయింపు ఉంది. వేరే ఒప్పందం లేకపోతే అవి తీయించుకున్నవారివి.

హక్కు మనకు రావాలంటే 19వ సెక్షను ప్రకారం రాతపూర్వకంగా, సంతకంతో బదిలీ చేయించుకోవాలి. ఎంతకాలానికో రాయకపోతే 5 ఏళ్లకే అని లెక్క. ఎక్కడెక్కడికో రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. అందుకని 'కాపీరైటు ఉన్నంతకాలం, ప్రపంచమంతటా' అన్న మాటలు రాయించుకోండి. అందరి దగ్గరా ఉండే ఉచిత పనిముట్లు, రెడీమేడ్ నమూనాలు వాడి ఉంటే వాటి హక్కు మాత్రం డిజైనరు ఇవ్వలేరు. ఏవేవి వాడారో ఒక జాబితా ఇమ్మంటే చాలు.

తెలుగుకు తెలుగు కష్టాలు

తెలుగులో సైటు పెట్టుకునేవాళ్లకు ఇంకో చిక్కు. పాత డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలో కొట్టించుకున్నది యథాతథంగా సైటులో పెడితే అర్థంపర్థం లేని గుర్తులు వస్తాయి. దాన్ని యూనికోడ్‌లోకి మార్పించాలి. మార్చాక అక్షరం అక్షరం సరిచూసుకునే పని మనదే. మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ లాంటి మంచి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిని వాడమని అడగండి.

ఇంగ్లీషుకు సరిపోయినట్టు వరసల మధ్య తక్కువ జాగా వదిలితే మన వత్తులు కింది వరస గుడుల్లోకి దిగబడతాయి. 'స్త్రీ' లాంటి మాట రాయించి చూస్తే తెలిసిపోతుంది. ఇంకోటి, తెలుగు మాటల్ని బొమ్మలాగా అతికించవద్దని చెప్పండి. చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ, గూగుల్‌లో వెతికేవాళ్లకు దొరకడం కష్టం. కళ్లు కనబడనివాళ్ల ఫోను ఆ మాటల్ని చదివి వినిపించలేకపోవచ్చు.

తాళంచెవులు

సైటు పేరు పక్కన 'సురక్షితం కాదు' అన్న హెచ్చరిక రాకుండా ఉండడానికి సర్టిఫికెట్ కావాలి. దీనికే వేలు అడిగేవాళ్లు ఉన్నారు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సేవ 2015 చివరి నుంచి వాటిని ఉచితంగా ఇస్తోంది. చాలా హోస్టింగ్ కంపెనీలు ఊరికే పెట్టి ఇస్తాయి. కొనేవాళ్లు డబ్బు కట్టే ఏర్పాటు మీ పాన్ కార్డుతో, మీ బ్యాంకు ఖాతాతో ఉండాలి. 'ప్రస్తుతానికి నా ఖాతాకి పెడతాను, తర్వాత మారుద్దాం' అంటే ఒప్పుకోకండి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి, డిజైనరుకైనా సరే. మీ పాస్‌వర్డు ఇచ్చే బదులు, వాళ్లకు విడిగా ఒక లాగిన్ పెట్టించండి. పని అయ్యాక దాన్ని తీసేయవచ్చు.

చివరి విడత డబ్బు ఇచ్చే రోజున ఇవన్నీ అందాయో లేదో చూసుకోండి: డొమైన్ ఖాతా, హోస్టింగ్ ఖాతా, సైటు మొత్తానికి ఒక నకలు, డిజైను అసలు ఫైళ్లు, కొత్త చీర ఎక్కించడం ఎలాగో మీ చేత చేయించి చూపించే ఒక గంట పాఠం. ఆ తర్వాత ఏడాది పొడుగునా ఎవరు చూసుకుంటారు, దానికెంత అన్నది విడిగా మాట్లాడుకోవాలి. సైటు అంటే గోడకు తగిలించే పటం కాదు, పెరట్లో మొక్క. నీళ్లు పోయకపోతే ఎండిపోతుంది.

ఇంటి కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు ఏ బీరువాలో ఎక్కడున్నాయో ఇంట్లో అందరికన్నా మనకే బాగా తెలుసు. ఒప్పందం కాగితాన్ని, డొమైన్ గడువు తారీఖును కూడా వాటి పక్కనే పెట్టుకుందాం. క్యాలెండరులో పాలవాడి లెక్క రాసుకునే చోటే ఆ తారీఖూ రాసుకుందాం. కష్టపడి సంపాదించుకున్న పేరు కదా, దాని తాళంచెవి మన కొంగునే ఉండాలి. ఏమంటారు?