మీకు తెలుసా? వాన లెక్క సరిపోయినా పంట దక్కదు

ఏడాది చివర వర్షపాతం పట్టికలో ఆ జిల్లాకు ‘సాధారణం’ అని రాసి ఉంటుంది. అదే జిల్లాలో ఓ రైతు ఇంట్లో బంగారం తాకట్టులో ఉంటుంది. రెండూ నిజమే. వాన ఎంత పడిందన్న దానికంటే ఎప్పుడు పడిందన్నదే ఇప్పుడు చిన్న రైతు బతుకును తేలుస్తోంది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం మన దేశంలోని కమతాల్లో 86 శాతం రెండు హెక్టార్ల లోపువే. సగటు కమతం 1.08 హెక్టార్లు, అంటే మూడెకరాలు కూడా లేదు. అంత భూమిని వాన మీదే సాగుచేసే కుటుంబానికి ఏడాదిలో అదను ఒక్కసారే వస్తుంది.

ఊడ దిగకపోతే కాయ లేదు

వేరుశనగ నేలపైన పూస్తుంది, నేల లోపల కాస్తుంది. ఆ మధ్యలో జరిగేది చూడాలంటే సాలు పక్కన కూర్చుని ఆకులు తప్పించాలి. పొద్దున పూసిన పసుపు పువ్వు వాడిపోయిన కొద్ది రోజులకు దాని మొదట్లోంచి సన్నటి ఊడ బయలుదేరి, కిందికి వంగి మట్టిలో గుచ్చుకుంటుంది. కాయ కట్టేది ఆ ఊడ కొసనే. నేల పదును మీద ఉంటే ఊడ సులువుగా దిగుతుంది. పై మట్టి ఎండి గట్టిపడితే కొస దిగలేక అక్కడే మాడిపోతుంది. చెట్టు పచ్చగానే ఉంటుంది కాబట్టి రోడ్డు మీద పోయేవాళ్లకు పంట బాగున్నట్టే కనిపిస్తుంది. పీకితే మాత్రం నాలుగైదు కాయలే వేలాడతాయి.

అనంతపురం ప్రాంతంలో ఏడాది మొత్తానికి పడేదే సుమారు 550 మిల్లీమీటర్లు. ఊడలు దిగే రోజుల్లో బెట్ట వచ్చిందంటే, ఆ తర్వాత ఎంత కుమ్మరించినా పోయిన ఊడలు తిరిగిరావు. పైగా ఆలస్యంగా వచ్చిన వాన పీకిన చెట్ల మీద పడితే కాయ బూజు పడుతుంది, కట్టె నల్లబడి పశువుల మేతకూ పనికిరాదు. ఎకరానికి 60 కిలోలకు పైనే విత్తనం కావాలి. వేరుశనగ సాగులో పెద్ద ఖర్చు అదే. కదిరి పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన కదిరి-6, కదిరి లేపాక్షి లాంటి రకాలు రైతుకు కొంత ధైర్యమిచ్చాయి. అయితే ఏ రకమైనా ఊడ దిగడానికి మెత్తటి నేల కావాల్సిందే.

ఒకే పొలంలో రెండుసార్లు విత్తనం

తెలంగాణలో పత్తి చాలావరకు వర్షాధారం. 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే గింజ పెట్టమని శాస్త్రవేత్తలు చెబుతారు. రైతుకు ఆ మాట తెలియక కాదు. ఆలస్యమైతే పూత, కాయ దశలు వెనక్కి జరుగుతాయి. కూలీలు దొరకరు. తర్వాతి వాన ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. అందుకే తొలకరి జల్లుకే గింజ పెడతారు. ఆ తర్వాత మూడు వారాలు మబ్బు మొహం చాటేస్తే మొలకలు మాడిపోతాయి. 2025లో 475 గ్రాముల బీటీ పత్తి ప్యాకెట్ గరిష్ఠ ధర 901 రూపాయలు. ఎకరానికి రెండు ప్యాకెట్ల చొప్పున, నాలుగెకరాల్లో మళ్లీ విత్తాలంటే గింజలకే ఏడు వేలు దాటుతుంది. అదీ చాలామందికి దుకాణంలో అరువే. ఇలాంటి చోట రైతు తొందరపడ్డాడని తప్పుపట్టడం న్యాయం కాదు. రైతు ముందున్న రెండు దారుల్లోనూ నష్టమే ఉంది.

ఒక డిగ్రీకి ఏడు శాతం

గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. అందుకే వాన పడినప్పుడు ఒక్కుమ్మడిగా పడుతుంది. 1950 నుంచి 2015 వరకు ఉన్న లెక్కలు తీస్తే మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వర్షాల సంఘటనలు మూడు రెట్లు పెరిగాయని 2017లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. నాలుగు విడతలుగా పడితే నేలలో ఇంకే నీళ్లు ఒక్క రాత్రిలో పడితే పైమట్టిని కూడా ఊడ్చుకుని వాగులో కలుస్తాయి.

వరికి రాత్రి చల్లదనం కావాలి

ఎండ సంగతి అందరూ చూస్తారు, రాత్రి ఉక్క సంగతి తక్కువమంది పట్టించుకుంటారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ పొలాల్లో ఏళ్ల తరబడి రాసుకున్న లెక్కలు 2004లో వెలువడ్డాయి. ఎండకారు పంటలో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత సగటున ఒక డిగ్రీ పెరిగినప్పుడల్లా దిగుబడి 10 శాతం తగ్గినట్టు అందులో తేలింది. చెట్టు రాత్రిపూట కూడా శ్వాసిస్తుంది. ఉక్క ఎక్కువైన కొద్దీ పగలు సంపాదించుకున్న పిండిపదార్థం గింజకు చేరకుండానే ఖర్చవుతుంది. దిగుబడి తగ్గడానికి ఇదొక కారణమని చెబుతారు.

పగటి వేడి మరో రకంగా దెబ్బతీస్తుంది. వరి పువ్వు పొద్దున పూట కొద్దిసేపే విచ్చుకుంటుంది. సరిగ్గా ఆ సమయంలో ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే పుప్పొడి పనిచేయక కంకిలో తాలు గింజలు మిగులుతాయి. నాట్లు ఆలస్యమై పూత ఎండల్లోకి జరిగే దాళ్వాకు (రబీ వరికి) అందుకే భయం ఎక్కువ.

లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు

కోసిన వరి పనల మీద వాన పడితే గింజ కంకిలోనే మొలకెత్తుతుంది. దాన్ని ఆపడానికి 5 శాతం ఉప్పు ద్రావణం, అంటే లీటరు నీటికి 50 గ్రాముల కల్లుప్పు కలిపి పనల మీద చల్లమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో అది సరిగ్గా కోతల కాలం. అలాంటప్పుడు పొలంలో జరిగే పని ఇది: బోదె తెంచి నీళ్లు తీయాలి, నానిన పనలను చేతులతో ఎత్తి గట్టు మీదికి చేర్చాలి, ఎండ కనిపించగానే తిరగేయాలి, సాయంత్రం మళ్లీ మబ్బు పడితే కప్పాలి. కూలి రెట్టింపు అడుగుతారు. టార్పాలిన్‌కు రోజువారీ అద్దె.

ఇంత చేసినా కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం లోపుండాలి. రోడ్డు పక్కన ఆరబోసిన ధాన్యంలో యంత్రం పెడితే 20, 22 చూపిస్తుంది. నాలుగు రోజులు ఆగే స్తోమత ఉన్నవాడు ఆరబెట్టుకుంటాడు. అప్పువాళ్లు ఇంటిముందు నిలబడ్డవాడు కళ్లంలోనే వ్యాపారి అన్న ధరకు ఇచ్చేస్తాడు. ఇక రంగు మారిన ధాన్యానికి బేరమాడే హక్కే ఉండదు. తుపాను కోసిన దానికంటే ఆ తర్వాతి వారం తూకం దగ్గర పోయేదే ఎక్కువనిపిస్తుంది నాకు.

పరిహారం ఎవరి చేతికి?

పంట నష్టం 33 శాతం దాటితేనే విపత్తు సాయానికి అర్హత. 2015కు ముందు అది 50 శాతం. 2022–26 కేంద్ర నిబంధనల ప్రకారం సాగునీటి పంటకు హెక్టారుకు 17,000 రూపాయలు, అంటే ఎకరాకు ఏడు వేల లోపు. బీమా లెక్క వేరు. ప్రధాన పంటలకు ఊరినో, కొన్ని ఊళ్లనో ఒక యూనిట్‌గా తీసుకుని కోత ప్రయోగాలతో సగటు దిగుబడి కడతారు. వాగు పక్కనున్న మీ ఎకరం పూర్తిగా మునిగినా, మిగతా ఊరు పండితే ఆ లెక్కలో మీ నష్టం కనిపించదు.

కౌలు రైతుకు ఆ మాత్రం కూడా కష్టమే. విత్తనం, ఎరువు, కూలి, ముందస్తు కౌలు అన్నీ పెట్టింది తను. పాసుపుస్తకంలో పేరు మాత్రం యజమానిది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో వచ్చిన చట్టం రుణ అర్హత కార్డులిచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం సాగు హక్కు పత్రం ఇస్తానంది గానీ యజమాని అంగీకారం అడిగింది. సంతకం పెడితే భూమి చేజారుతుందన్న భయంతో ఎంతోమంది యజమానులు పెట్టలేదు. పంట పోయిన మనిషికే సాయం అందకపోవడం కంటే పెద్ద అన్యాయం ఏముంటుంది?

నీళ్లలో ఊపిరి బిగపట్టే స్వర్ణ

పశ్చిమ గోదావరిలోని మార్టేరు కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ (ఎంటీయూ 7029) రకానికి ఒడిశా నాటు వరిలోని ఒక జన్యువును కలిపితే స్వర్ణ సబ్-1 అయింది. మామూలు వరి మునిగితే ఊపిరి కోసం పైకి సాగి, ఉన్న బలమంతా ఖర్చు చేసుకుని కుళ్లిపోతుంది. ఇది ఎదుగుదల ఆపేసి, సుమారు రెండు వారాలు నీటి అడుగున ఓర్చుకుని, నీళ్లు తీశాక మళ్లీ పిలక వేస్తుంది. మన దేశంలో 2009లో విడుదలైంది. అయితే ఈ గుణం కోత వేళ తుపానుకు అడ్డం నిలవదు.

కొబ్బరికి ఏళ్లు పడుతుంది

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను కూల్చేసింది. వరి పోతే వచ్చే ఏడాది మళ్లీ నాటొచ్చు. కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఐదారేళ్లకు పైనే పడుతుంది. ఆ ఏళ్లన్నీ ఏం తినాలి?

జహీరాబాద్ చేలల్లో ఇరవై రకాలు

జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఉన్న దళిత మహిళలు ఒకే చేలో జొన్న, కంది, సజ్జ, కొర్ర, అనుములు, పెసర కలిపి పదిహేను, ఇరవై రకాల దాకా విత్తుతారు. జొన్న కంకి దశలో బెట్ట కొట్టినా, లోతుగా వేరు దిగిన కంది సంక్రాంతి దాకా నిలుస్తుంది. విత్తనాన్ని బూడిద, వేపాకుతో కలిపి బుట్టల్లో పోసి పైన మట్టితో మెత్తి దాచుకుంటారు కాబట్టి మళ్లీ విత్తాల్సి వచ్చినా దుకాణానికి పోనక్కర్లేదు. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. బెట్టకు ఓర్చుకునే పంటల్లో కొర్ర, సామ ముందువరసలో ఉంటాయి. 2025 ఖరీఫ్‌కు కేంద్రం మద్దతు ధర ప్రకటించిన 14 పంటల్లో ఆ రెండూ లేవు.